స్వచ్ఛంద సేవకులు: పిలుచుట, నిలుపుట

తెలుగునాట ఏ సభ జరిగినను, ఏ తిరునాళ్లు జరిగినను, చొక్కాకు రంగు గుడ్డపువ్వు గ్రుచ్చుకొని అటు నిటు పరుగులు తీయు యువకుడొకడు తప్పక కనబడును. జనులు ఆతనిని వాలంటీరు అందురు. స్వచ్ఛంద సేవకుడను మాట పుస్తకములకును, ఆహ్వాన పత్రికలకును పరిమితమై, వాలంటీరు అను మాటయే తెలుగుమాట యైపోయినది. ఆతనికి జీతము లేదు, హోదా లేదు. ఆతనిని పిలిచినవారెవరు, ఆతడు మధ్యాహ్నము ఎచ్చట భుజించెను, మరుసటి యేడు మరల వచ్చునా రాడా అను ప్రశ్నలు అధ్యక్షోపన్యాసములలో గాని, కార్యదర్శుల నివేదికలలో గాని కానరావు. వందన సమర్పణ వేళ ఒక్క వాక్యము మాత్రము ఆతనికి దక్కును. అప్పటికి సభ సగము ఖాళీ యగుట కూడ కద్దు. అయినను ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఈ దేశమున జరిగిన పెక్కు ప్రజాకార్యముల జయాపజయములు ఆ చిన్న ప్రశ్నలపైననే ఆధారపడి యుండెను.

1901వ సంవత్సరము డిసెంబరులో కలకత్తా నగరమున కాంగ్రెసు మహాసభ జరిగెను. దక్షిణాఫ్రికా నుండి కొద్దికాలము క్రిందటనే తిరిగి వచ్చిన మోహనదాస్ కరంచంద్ గాంధీ ఆ సభకు వచ్చి, రిపన్ కళాశాలలో ఏర్పరచిన ప్రతినిధుల విడిదిలో దిగెను. ఆనాటికి ఆయన పేరెరిగినవారు ఈ దేశమున కొలదిమంది మాత్రమే. ఆయన తన ఆత్మకథలో ఆ విడిదిని గూర్చి వ్రాసిన పుటలు సంఘములు నడపువారెల్లరు చదువదగినవి. అచ్చట సేవకులకు కొదువ లేదు. ఉత్సాహమునకును కొదువ లేదు. కాని ఒకరికి అప్పగించిన పని చేతులు మారి మారి తుదకు ఎవరి పనియు కాకపోయెను. మరుగుదొడ్లు చాలక, ఉన్నవి దుర్గంధభూయిష్ఠములై యుండెను. ఆ సంగతి చెప్పినప్పుడు అది తమ పని కాదనియు, పాకీవారి పని యనియు సేవకులు బదులిచ్చిరి. గాంధీ చీపురు సంపాదించి తాను వాడుకొను దానిని తానే శుభ్రము చేసికొనెను.

సభాప్రారంభమునకు ఇంకను రెండు దినములుండెను. ఊరక కూర్చుండలేక ఆయన కాంగ్రెసు కార్యాలయమునకు పోయి, ఏదేని పని యిప్పింపుడని యడిగెను. భూపేంద్రనాథ బసు ఆయనను జానకీనాథ ఘోషాలు కడకు పంపెను. ఘోషాలు ఎదుట జాబులు గుట్టగా పడియుండెను. వానికి ప్రత్యుత్తరములు వ్రాయు పనిని గాంధీ సంతోషముతో పైన వేసికొని స్వల్పకాలములో ముగించెను. ఆ గుట్ట యెట్టిదో ఈ సంచిక పాఠకులకు వర్ణించి చెప్పనక్కరలేదు! తాను గుమాస్తా పని చెప్పినది ఎవరికో తరువాత తెలిసికొని ఘోషాలు మిక్కిలి నొచ్చుకొనెను. ఇంత చిన్న సంగతిలో పెద్ద విషయము దాగియున్నది. విడిదిలోని సేవకులు సోమరులు కారు. వారిలో ప్రతివానికి "నీ పని యిది, ఇంతవరకు, ఈయనకు నీవు జవాబుదారీ" యని చెప్పినవారు లేరు. అడిగి వచ్చిన ఒక్కనికి మాత్రము ఒక బల్ల, ఒక గుట్ట, ఒక యజమాని లభించిరి. ఏడాదికి మూడు దినములు మేలుకొని తక్కిన కాలమంతయు నిద్రించు సంస్థలో సేవకులకు శిక్షణ యెట్లు లభించునని గాంధీ ఆనాడే ప్రశ్నించుకొనెను.

ఈ ప్రశ్నకు నాలుగేండ్ల తరువాత పూనాలో గోపాలకృష్ణ గోఖలే తనదైన సమాధానమిచ్చెను. 1905 జూన్ 12వ తేదీన ఆయన భారత సేవక సమాజమును స్థాపించెను. మూడు దినముల సేవ చాలదు, ఆజన్మ సేవకులు కావలయునని ఆయన మతము. అందు చేరువాడు తనకై ధనార్జన చేయనని వ్రతము పట్టవలెను. తనకును తన కుటుంబమునకును సమాజము ఏర్పరచు భృతితో తృప్తి చెందవలెను. అయిదేండ్లు శిక్షణలో గడపవలెను. ఆ శిక్షణలో పఠనము, దేశసంచారము రెండును చేరియుండెను. మదరాసు తిరువల్లిక్కేణిలో హిందూ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండిన శ్రీనివాసశాస్త్రి 1907లో ఇందు చేరి, 1915లో గోఖలే మరణించిన పిమ్మట అధ్యక్షుడయ్యెను.

ఇచ్చట ఒక సంగతి గుర్తింపదగియున్నది. భృతి పుచ్చుకొన్నచో సేవ సేవ కాకపోవునా యను సందేహము ఆనాడును ఉండెను, నేడును పలువురకు కలదు. గోఖలే ఆ సందేహమును లెక్కచేయలేదు. ఇంటిలో బియ్యము నిండుకొన్నవాడు ఊరికి సేవ చేయజాలడని ఆయన యెరుగును. ఫెర్గుసన్ కళాశాలలో స్వల్పవేతనముతో ఇరువది యేండ్లు పని చేసెదనని మాట యిచ్చి నిలుపుకొన్న యాయనకు ఈ విషయము అనుభవైకవేద్యము. కాని ఈ పద్ధతిలో ఒక లోపము కూడ కలదు. గుమ్మము చాల సన్నము. సమాజపు సభ్యులసంఖ్య యెన్నడును స్వల్పముగనే యుండెను. 1915లో గాంధీ తాను అందు చేరగోరినప్పుడు సభ్యులలో కొందరు అభిప్రాయభేదములచే సంకోచింపగా, ఆయనయే తన కోరికను విరమించుకొనెను. గొప్పవారిని గూడ గుమ్మమున నిలువబెట్టగల సంస్థ క్రమశిక్షణకు ప్రసిద్ధి కెక్కును గాని, ఊరూర దండును లేపజాలదు.

ఆ సంవత్సరముననే హరిద్వారమున కుంభమేళా జరిగెను. హృదయనాథ కుంజ్రూ నాయకత్వమున సేవకులు యాత్రికులకు సహాయము చేయుచుండగా, గాంధీ తన ఫీనిక్సు ఆశ్రమవాసులను వారికి తోడుగా పంపెను. ఈ చిన్న దళమునకు లభించిన పని మలమూత్రములపై మన్ను కప్పుట, పాయిఖానా గుంతలు చూచుకొనుట. కలకత్తాలో ఎవరిదియు కాని పనియే ఇచ్చట ఒక దళమునకు పేరుపెట్టి అప్పగింపబడెను.

1917లో చంపారణ్యమున ఈ పాఠము మరింత విస్తరించెను. నీలిమందు రైతుల వాఙ్మూలములు వ్రాసికొనుటకు బీహారు వకీళ్లు పలువురు గాంధీ వెంట వచ్చిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క వంటవాడు, ఒక్కొక్క నౌకరు, ఒక్కొక్క పొయ్యి. గాంధీ మెల్లగా నవ్వుచునే ఆ పొయ్యిలన్నిటిని ఒక్కటిగా చేసెను. ఖర్చు తగ్గెను, కాలము కలసి వచ్చెను. అంతకంటె ముఖ్యముగా, ఒకే పంక్తిని కూర్చుండి తినువారి మధ్య ఒక విధమైన కట్టుబాటు కుదిరెను. సేవకులను నిలుపు సాధనములలో ఉమ్మడి వంట యెంతటిదో తెలుగువారికి, అందును పెండ్లివారిండ్లలో పని చేసినవారికి, వేరుగా చెప్పవలయునా?

పిమ్మట గ్రామములలో పాఠశాలలు పెట్టుటకు బొంబాయి, గుజరాతు ప్రాంతముల నుండి సేవకులను పిలిపించిరి. అవంతికాబాయి గోఖలే, మహాదేవ దేశాయి, నరహరి పారిఖు, వారి భార్యలు, కస్తూరిబాయి మున్నగువారు వచ్చిరి. వచ్చిన స్త్రీలలో కొందరికి హిందీ బాగుగా రాదు. కొందరికి చదువే అంతంత మాత్రము. అట్టివారు బిడ్డలకేమి నేర్పుదురు? వ్యాకరణము, లెక్కలకంటె ముందు పరిశుభ్రత, సత్ప్రవర్తన నేర్పిన చాలునని గాంధీ వారికి ధైర్యము చెప్పెను. వైద్యవిషయమునను అంతే. డాక్టరు దేవ్ పర్యవేక్షణమున ఆముదము, క్వినైను, గంధకపు లేపనము అను మూడు మందులు మాత్రమే సేవకుల చేతికిచ్చిరి. నాలుక మడ్డి కట్టినచో ఆముదము. జ్వరమునకు ముందు ఆముదము, పిదప క్వినైను. గజ్జికి కురుపులకు లేపనము. అంతకు మించినచో డాక్టరును పిలువవలసినదే. ఉపాధ్యాయులకు వసతి, భోజనము ఊరివారు చూడవలెను; తక్కిన వ్యయము బయటివారు భరింతురు.

ఈ ఏర్పాటులోని నేర్పును గమనింపవలెను. పనికి తగిన మనిషి దొరకు వరకు వేచియుండక, దొరికిన మనిషికి తగునట్లు పనిని చెక్కుకొనిరి. వచ్చినవారెవరును "నే నిచ్చట పనికిరాను" అనుకొని తిరిగిపోవలసిన యవసరము కలుగలేదు. అయినను ఆ పాఠశాలలలో పెక్కు చిరకాలము సాగలేదు. పిలిచి తెచ్చినవారు నియమితకాలమునకే వచ్చిరి. గాంధీని ఖేడా పిలిచెను, అహమ్మదాబాదు పిలిచెను. స్థానికముగా ఆ పనిని అందుకొను చేతులు చాలినన్ని సిద్ధము కాలేదు. దూరమునుండి వచ్చిన సేవకుడు దీపము వెలిగింపగలడు. చమురు పోయవలసినవాడు ఊరివాడే.

ఆ సమయమున ఆంధ్రదేశమున ఊరివారే చమురు పోసిన ఉద్యమ మొకటి సాగుచుండెను. అది గ్రంథాలయోద్యమము. 1914 ఏప్రిలులో బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య పట్టుదల యుండెను. గ్రామ గ్రంథాలయమును తెరచి మూయువాడు, పుస్తకములకు అట్టలు వేయువాడు, చదువురానివారికి పత్రిక చదివి వినిపించువాడు, అందరును జీతము లేనివారే. గ్రంథాలయ యాత్రల పేర కార్యకర్తలు ఊరూర తిరిగిరి. పాతూరి నాగభూషణము 1935లో పెదవడ్లపూడి, పెదపులివర్రుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపెను. పడవలో గంటల తరబడి కూర్చుండు ప్రయాణికునకు పుస్తకము చేతికిచ్చుటకు మించిన అనువైన సమయ మేది? ఈ యుద్యమము పెద్ద త్యాగములను కోరలేదు. సాయంకాలము ఒక గంట కోరెను. కనుకనే వేలకొలది మంది ఇవ్వగలిగిరి. ఇది వేరుగా వ్రాయదగిన చరిత్ర గనుక ఇచ్చట ఇంతటితో విడుచుట మంచిది.

పెద్ద త్యాగమును కోరి పొందిన దండు కథ చీరాలలో జరిగెను.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో కృష్ణా మండలము పెనుగంచిప్రోలులో జన్మించెను. ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొంది వచ్చి, రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలలోను ఉపాధ్యాయుడుగా నుండి, ఆ యుద్యోగములలో ఇమడలేక బయటికి వచ్చెను. ఆనంద కుమారస్వామితో కలసి అభినయ దర్పణమును ఆంగ్లీకరించిన పండితుడు, చమత్కారి, పామరుల నడుమ పామరుడై పాడగలవాడు. ఆయన కూర్చిన సేవాదళము పేరు రామదండు. వాలంటీరు కోరు వంటి పరాయి పేరేదియు ఆయన పెట్టలేదు. రామదండు అనగానే సేతువు కట్టిన వానరులు ప్రతి నేతగానికిని, ప్రతి రైతునకును కన్నుల ముందు నిలుతురు. అందు పెద్ద వానరుడు పెద్ద రాయి, చిన్న వానరుడు చిన్న రాయి మోయును. ఇక విశేషించి వివరింపవలసిన దేమున్నది? కావిబట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు వారి వేషము. పాశ్చాత్య విద్య గరపిన పట్టభద్రుడు తన దండును పాశ్చాత్య సైనికుల వేషమున నడిపింపకుండుట గుర్తింపదగిన విషయము.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగెను. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటి సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు అను తీర్మానము అచ్చటనే పుట్టెను. గాంధీని చూడవచ్చిన జనసందోహమును రామదండు అదుపులో నుంచెను. ఆ వెంటనే దానికి అసలైన పరీక్ష సంప్రాప్తమయ్యెను.

నేడు బాపట్ల జిల్లాలో చేరియున్న చీరాల, పేరాలలు ఆనాడు గుంటూరు మండలములోని నేతగాండ్ర ఊళ్లు. జనసంఖ్య ఇంచుమించు 15,000. వీనిని పురపాలక సంఘముగా మార్చుటకు మదరాసు ప్రభుత్వము నిశ్చయించెను. సాలుకు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయల వరకు పెరుగునను భయము ప్రజలను పట్టుకొనెను. విన్నపములు వ్యర్థమయ్యెను. 1921 ఏప్రిలులో గాంధీ చీరాలకు వచ్చి, అహింసతో పన్నులు నిరాకరించి శిక్షల ననుభవించుట, లేదా పురపాలక సంఘపు పొలిమేర దాటి వేరొక చోట కాపురముండుట అను రెండు మార్గములను చూపెను. కాంగ్రెసు నుండి ధనసహాయము మాత్రము ఆశింపరాదని హెచ్చరించెను. ప్రజలు రెండవ మార్గమును ఎన్నుకొనిరి. ఇంచుమించు 13,000 మంది ఇండ్లు విడిచి, పొలిమేర బయట తాటాకు పాకలు వేసికొని, ఆ యూరికి రామనగరమని పేరిడిరి. పదునొకండు నెలలు అచ్చట నివసించిరి.

పదునొకండు నెలలనగా ఒక వేసవి, ఒక వర్షకాలము, ఒక శీతకాలము. మగ్గపు గుంటలో వాననీరు నిండినచో నేతగానికి ఆనాటి కూలి పోయినట్లే. ఇన్ని వేలమంది ఒక్కచోట తాటాకు క్రింద నుండినప్పుడు నీరు, పారిశుద్ధ్యము, అగ్నిభయము, దొంగలభయము ఎట్టివో ఊహించుకొనవచ్చును. రామదండువారే ఆ యూరికి కాపలా. వారే తలలో నాలుక. తగవులు తీర్చుటకు అన్ని కులముల ప్రతినిధులతో ఒక సభ యేర్పడెను. ఈ సేవకులు ఎవరు? పరదేశమునుండి వచ్చినవారు కారు. ఆ పాకలలోనే కాపురమున్నవారి అన్నలు, తమ్ములు, కొడుకులు. కాపలా ముగిసిన పిమ్మట సేవకుడు తన పాకకే పోయి తన తల్లి చేతి కూడే తినెను. చంపారణ్యమున లోపించినది ఇచ్చట సమృద్ధిగా నుండెను. భృతి యను ప్రశ్నయే పుట్టకుండ, సేవకుని పోషణభారమును ఊరే మోసెను.

మరి ఏమి లోపించెను? ధనము లోపించెను. మగ్గములు సరిగా సాగని ఊరు ఎంతకాలము తనను తాను పోషించుకొనగలదు? నిధుల సేకరణకై గోపాలకృష్ణయ్య ఊరూర తిరిగెను. ఆ సందర్భముననే బరంపురమునకు పోయినప్పుడు ఆయనను నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్ష విధించి, తిరుచిరాపల్లి కారాగారమునకు పంపిరి. అంతతో రామనగరమునకు వెన్నెముక విరిగెను. దండు ఉండెను, దానిని నడుపగల రెండవ మనిషి లేకపోయెను. పాటయు ఆయనదే, మాటయు ఆయనదే, జోలెయు ఆయన భుజముననే. ఒక్కొక్క కుటుంబము చొప్పున జనులు పాత యిండ్లకు మరలిరి. వారిని పిరికివారని నిందించుట అన్యాయము. పదునొకండు నెలలు ఓపిక పట్టినవారిని నిలుపుకొనుటకు కావలసిన ఏర్పాటు ఒక్క మనిషి శరీరముపై ఆధారపడి యుండుట ఆ యుద్యమపు దురదృష్టము. ఆ శరీరమును అధికకాలము నిలువలేదు. ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10వ తేదీన, నలుబది యేండ్లైన నిండకుండగనే, క్షయవ్యాధితో మరణించెను. ఇన్ని వేలమందిని కదలించినవాని చివరి దినములు దారిద్ర్యమున గడచుట తెలుగువారు మరచిపోరాని సంగతి. సేవకుల పోషణను గూర్చి మాటలాడునప్పుడు నాయకుడును సేవకుడే యని ఎవరికిని తోచకుండుట ఈ దేశమున పాత అలవాటు.

1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ కాకినాడలో జరిగెను. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. ఆహ్వానసంఘాధ్యక్షుడు కొండా వెంకటప్పయ్య. నిర్వహణభారమంతయు వహించిన బులుసు సాంబమూర్తికి సభకు కొన్ని దినముల ముందే ఏకైక కుమారుడు మరణించెను. ఆయన సేవాదళముల శిక్షణను ఆపలేదు, ఏర్పాట్లను మరియొకరికి వదలలేదు. ఈ ధైర్యమునకు చేతులు జోడింపవలసినదే. కాని పుత్రశోకమున నున్నవానిని నాలుగు దినములు ఇంట కూర్చుండుమని చెప్పి ఆ భారమును తాము మోయగలిగిన సంస్థ యుండినచో మరింత మేలుగా నుండెడిదని తోచక మానదు.

ఆ మహాసభతో పాటు ఏర్పరచిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున పదునాలుగేండ్ల బాలిక యొకతె సేవిక. పేరు దుర్గాబాయి. అంతకు రెండేండ్ల ముందు గాంధీ కాకినాడకు వచ్చినప్పుడు దేవదాసీ స్త్రీలును, ముస్లిము స్త్రీలును ఆయనను దర్శించునట్లు చేయవలెనని ఆమె పట్టుబట్టగా, అయిదు వేల రూపాయలు పోగుచేసి యిచ్చినచో చూతమని పెద్దలనిరి. ఆ స్త్రీల యొద్దనే ఆమె యా మొత్తమును కూర్చెను. కాకినాడలో బాలికలకు హిందీ నేర్పు పాఠశాలను గూడ నడిపెను. మహాసభ నాడు ఆమెకిచ్చిన ఆజ్ఞ ఒక్కటే: టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. టిక్కెట్టు లేదు. ఆమె ఆపెను. నిర్వాహకులు కంగారుపడి మందలించిరి. తాను ఆజ్ఞనే పాటించితినని ఆమె బదులిచ్చెను. వారు టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే ఆయన లోనికి పోయెను. ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను.

ఈ కథను నెహ్రూ ఔదార్యమునకు నిదర్శనముగా చెప్పుట పరిపాటి. సేవకుల దృష్టితో చూచినచో ఇందు వేరొక విశేషము కలదు. కలకత్తా విడిదిలో వందలమంది యువకులకు లేనిది ఈ బాలికకు ఉండెను: స్పష్టమైన ఒక్క పని. తాను చేసినది సరియని పదిమంది యెదుట ఒప్పుకొన్న పెద్దమనిషి గూడ ఆనాడు దొరికెను. మందలించిన నిర్వాహకుల మాటయే నెగ్గియుండినచో, మరునాడు ఆమె ఆ ద్వారమున నిలుచుండెడిదా? సేవకుడు వేసవియెండను ఓర్చుకొనును, ఆకలిని ఓర్చుకొనును. చెప్పిన పని చేసినందుకు పడిన చీవాట్లను మాత్రము ఓర్చుకొనడు.

కాకినాడ మహాసభ వేరొక కారణముచేతను ముఖ్యమైనది. అఖిలభారత స్థాయిలో సేవాదళ మొకటి ఏర్పరుపవలెనని తీర్మానించినది అచ్చటనే. దానికి మూలపురుషుడు హుబ్బళ్లి వాసియైన డాక్టరు నారాయణ సుబ్బారావు హర్డీకరు. ఆ సంవత్సరమే జరిగిన నాగపూరు పతాక సత్యాగ్రహమున కారాగారమునకు పోయినవారిలో కొందరు కష్టములకు తాళలేక క్షమాపణ వ్రాసి యిచ్చి బయటపడగా, హర్డీకరు శిక్షణ నిచ్చిన హుబ్బళ్లి సేవామండలివారు లొంగలేదు. నాయకుల కన్నులు వారిపై పడెను. అట్లు పుట్టిన హిందూస్తానీ సేవాదళమునకు నెహ్రూ తొలి అధ్యక్షుడు. 1924లో గాంధీ అధ్యక్షత వహించిన బెళగాము మహాసభ యేర్పాట్లలో హర్డీకరు సేవకులు ప్రసిద్ధి కెక్కిరి. సభకు నాలుగు దినముల ముందు కాక, నెలల ముందే శిబిరములు పెట్టి నేర్పుట ఆయన పద్ధతి. 1931లో ఈ దళము కాంగ్రెసులో అంతర్భాగమాయెను. 1932లో ప్రభుత్వము నిషేధించెను.

ద్వారమున నిలిచిన బాలిక తరువాతి చరిత్ర తెలుగువారికి సుపరిచితమే. 1930 తరువాత కారాగారవాసములు, పిమ్మట స్వయముగా చదువు, న్యాయవాదవృత్తి, రాజ్యాంగ సభ. 1937లో మదరాసునందు ఆంధ్ర మహిళాసభను స్థాపించెను. అది మైలాపూరులో చిన్నపిల్లల బృందముగా మొదలై, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు స్త్రీలను సిద్ధము చేయు తరగతులుగా పెరిగెను. చదువు మధ్యలో ఆగిపోయినవారు, వితంతువులు, భర్తలు విడిచినవారు విద్యార్థినులుగా వచ్చి, పిదప ఆ సంస్థలకే కార్యకర్తలుగా నిలుచు త్రోవ అచ్చట ఏర్పడెను. సేవ పొందినవారి నుండియే సేవకులను సంపాదించుట ఆ సంస్థ కనుగొన్న కీలకము.

1953 ఆగస్టులో భారతప్రభుత్వము కేంద్ర సాంఘిక సంక్షేమ మండలిని స్థాపించి దుర్గాబాయి దేశముఖును తొలి అధ్యక్షురాలిగా నియమించెను. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయమునకు 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. ఇచ్చట సచివాలయము వారికి చిరపరిచితమైన చిక్కు ఎదురయ్యెను. ప్రభుత్వధనము వచ్చినచోట లెక్కలు వచ్చును, తనిఖీ వచ్చును, ఫారములు వచ్చును. సాయంకాలము రెండు గంటలు సేవ చేయవచ్చిన గృహిణి వినియోగ పత్రమును పూరింప గూర్చుండినచో సేవ యెప్పుడు చేయును? పూరింపనిచో ప్రజల సొమ్మునకు జవాబుదారి యెవరు? ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. రాష్ట్ర సలహా మండలులలో ఉద్యోగులు కాని స్త్రీలకు ప్రాముఖ్యమిచ్చుట, గ్రాంటునకు తోడుగా సంస్థ తన వాటాను తాను కూర్చుకొనవలెనని నియమించుట, మండలి చూపిన మార్గములు. ఊరివారి వాటా లేని పని చంపారణ్యపు పాఠశాలల వలె వెలిసిపోవుననియు, బయటి ధనము లేని పని రామనగరము వలె కూలుననియు మండలి స్థాపకులు మాటలలో చెప్పియుండకపోవచ్చును. ఏర్పాటు మాత్రము ఆ రెంటి నడుమ త్రోవగనే కానవచ్చును.

1954లో మొదలైన సంక్షేమ విస్తరణ ప్రణాళికలలో ఒక్కొక్కటి ఇంచుమించు 25 గ్రామములకు ఏర్పడెను. గ్రామసేవికకు జీతము, శిక్షణ యుండెను. ఆమెపై పర్యవేక్షణ జీతము లేని స్థానిక స్త్రీల సంఘముది. జీతము గలవారికిని లేనివారికిని పొత్తు కుదుర్చుట కత్తిమీద సాము. గ్రామసేవిక యువతి, పరాయి ఊరినుండి వచ్చినది. ఆమెకు ఉండుటకు గది, తోడుగా ఒక ముసలమ్మ, రాత్రివేళ భయము లేని వీధి కావలయును. ఇవి యే ప్రణాళికా పత్రమునను వ్రాసి మంజూరు చేయు వస్తువులు కావు. స్థానిక సంఘపు స్త్రీలు చేయవలసిన మొదటి సేవ, తమ యూరికి సేవ చేయవచ్చిన పిల్లను కనిపెట్టి యుండుట.

ఉద్యోగరీత్యా దేశము నలుమూలల నివసించు తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. న్యూఢిల్లీలో తెలుగు బిడ్డల చదువునకై 1948లో దుర్గాబాయి పూనికతో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వెలసెను. నగరములలోని తెలుగు సంఘములు నేటికిని నలుగురైదుగురి భుజములపై నడచుచున్నవి. ఉగాదికి వేదిక కట్టించువాడు, బిడ్డలచే పద్యములు వల్లె వేయించు ఇల్లాలు, చందా పుస్తకముతో క్వార్టర్ల మెట్లెక్కువాడు, తెర దిగిన పిమ్మట అద్దె కుర్చీలను లెక్కపెట్టి అప్పగించువాడు. ఏటేట వారే. వారిలో ఒకరికి బదిలీ యైనప్పుడు ఆ పనికి రెండవ మనిషిని ముందుగా సిద్ధపరచుకొన్న సంఘములు ఎన్నియో, కార్యవర్గముల యెన్నికలకు ముందు విచారించుకొనవచ్చును.